పైకి లేవని పీపా

ఆండాళమ్మగారి పెరట్లో ఉన్న రెండు పీపాల్లో పై పీపా లేస్తే ఆవిడ తమ్ముడు దివిసీమ వెళ్లిపోతాడు. లేవకపోతే ఇంట్లోనే ఉంటాడు. అందుకని ఆ వేసవంతా ఆవిడ పొద్దున్నే లేచి ముందు పెరట్లోకి వెళ్లి పీపాని చూసుకుని, ఆ తర్వాతే దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

తమ్ముడి పేరు సీతారామాంజనేయులు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక లేక చిన్నప్పుడు బుజ్జి అన్నారు. యాభై అయిదేళ్లు నిండి రిటైరైనా ఆవిడకి బుజ్జే. బందరు కాలేజీలో ఆయన సైన్సు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేశాడు. అంటే ఇంకొకరు చెప్పే పాఠానికి గాజు గొట్టాలు కడిగి, అమర్చి, పక్కన నిలబడే ఉద్యోగం. పెళ్లెందుకు చేసుకోలేదంటే, "చేసుకుందామనుకున్నప్పుడల్లా ప్రాక్టికల్ పరీక్షలొచ్చేవండీ" అనేవాడు. రిటైరైన రోజున శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెడితే, ఆ రెండూ బల్ల మీద పెట్టేసి, లేబరేటరీలో పనికిరాదని మూల పడేసిన గ్యాసు బర్నరొకటి అడిగి తెచ్చుకున్నాడు. ఇన్నాళ్లూ ఇతరుల ప్రయోగాలకి నిలబడ్డాడు కదా, ఇక తన ప్రయోగాలకి ఇతరులు నిలబడాలనుకున్నాడు. ఇంట్లో ఉన్న ఇతరులు ఆండాళమ్మ ఒక్కతే.

మొదట ఎండ పొయ్యి చేశాడు. పాత ట్రంకు పెట్టెకి లోపల నల్లరంగు పూసి, పైన గాజుపలక బిగించి, మూతకి బీరువా అద్దం ఊడదీసి అతికించాడు. తొమ్మిదింటికి కందిపప్పు పెడితే భోజనాల వేళకి మబ్బు పట్టింది. మర్నాడు మాత్రం ఉడికింది.

"ఇది మడి వంటేనంటావా?" అని అనుమానంగా అడిగింది ఆండాళమ్మ.

"సాక్షాత్తూ సూర్యనారాయణమూర్తి వండాడు అక్కయ్యా. ఆయనకంటే మడి ఎవరు?"

పప్పు బాగానే ఉంది. బొట్టు లేని మొహం చూసుకోవడానికి తనకి అద్దమెందుకులే అని ఆవిడ సర్దుకుంది. తర్వాత ఊక పొయ్యి చేశాడు. ఆ పొగకి ఇల్లంటుకుందనుకుని వాళ్లుండే గొడుగుపేట సగం బిందెలతో పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత వేపనూనెతో సబ్బు చేశాడు. దాంతో స్నానం చేసినవాళ్లు మళ్లీ స్నానం చెయ్యాల్సొచ్చేది. ఆండాళమ్మ దేనికీ విసుక్కోలేదు. ఇంట్లో ఉండి ఇల్లు తగలబెట్టినా ఫరవాలేదు, ఇంట్లో ఉంటే చాలని ఆవిడ లెక్క.

ఆ లెక్క వెనక చాలా కథ ఉంది. తండ్రి యాత్రా స్పెషల్లో కాశీ వెళ్లాడు, ఆయన పెట్టె తిరిగొచ్చింది. భర్త ఉద్యోగానికని ఖరగ్‌పూరు వెళ్లాడు, టెలిగ్రాము తిరిగొచ్చింది. చెల్లెలు కాపురానికని జంషెడ్‌పూరు వెళ్లి పురిట్లో పోయింది, ఏమీ తిరిగి రాలేదు. వీళ్లందరినీ ఆవిడే బందరు స్టేషన్లో రైలెక్కించింది. ఆ రైలుకి బందరే కొస. అక్కణ్ణించి ఇక వెళ్లడమే. వెళ్లిన రైలు సాయంత్రానికి మళ్లీ వచ్చేది, కాని దాంట్లోంచి వేరేవాళ్లు దిగేవారు.

కిందటి కార్తీకంలో ఉప్పెన వచ్చాక ఆవిడ భయాలకి ఒక మందు దొరికింది. కలరా రాకుండా ఉండాలని ఇంటింటికీ బ్లీచింగు పౌడరు పంచారు. అందరూ నూతిలో వేసి ఊరుకున్నారు. ఆండాళమ్మ మళ్లీ మళ్లీ అడిగి తెచ్చుకుని డబ్బాలకెత్తింది. నూతిలో వేసింది, తూములో వేసింది, గడప కడిగే నీళ్లలో వేసింది. వాకిట్లో చల్లే కళ్లాపి బకెట్లో పేడతో పాటు అదీ ఒక గుప్పెడు పడేది. పేడ నీళ్లతో వాకిలి శుభ్రపడుతుందని ఆవిడకి పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ తెలుసు. ఇప్పుడు ఆ పేడని కూడా శుభ్రం చెయ్యడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లో బుజ్జి పీపాలు తెచ్చాడు. ఒకటి పెద్దది, తారు పీపా. ఇంకోటి దానికంటే కాస్త సన్నం. పెద్దదాంట్లో పేడా నీళ్లూ కలిపి పోసి, చిన్నదాన్ని బోర్లించి అందులోకి దింపాడు. లోపల పేడ పులిసి గ్యాసు పుడుతుంది, ఆ గ్యాసుకి పై పీపా దానంతటది లేస్తుంది, దానికి రబ్బరు గొట్టం తగిలించి బర్నరు వెలిగిస్తే పుల్లా పిడకా లేకుండా కాఫీ. మంట తీసుకున్నాక మిగిలిన పేడ పాదులకి ఎరువు.

పేడ పక్కింటిది. పక్కిల్లు అబ్దుల్ జబ్బారుది. ఆయన గేదెల్ని పెట్టి పాలు పోస్తాడు. ఆయన భార్య జాన్‌బీ పొద్దున్నే ఒక తట్ట పేడ గోడ మీంచి అందించేది.

"పిన్నీ, పాలు మీకు, పేడ మాష్టారికి. ఇంక గేదెని కూడా మీ ఇంట్లోనే కట్టేస్తే మేం సుఖంగా పడుకుంటాం."

"కట్టెయ్యవే తల్లీ. అదైనా ఇల్లు కదలకుండా ఉంటుంది" అనేది ఆండాళమ్మ.

ఆ తట్టలోంచే ఆవిడ ముందు కళ్లాపికి కలుపుకుని, వాకిట్లో చల్లాక మిగిలింది తమ్ముడికిచ్చేది. దాంట్లో ఆయన ఇంకాస్త పేడా నీళ్లూ పోసుకుని పీపాలోకి దించేవాడు.

పీపాలు పెట్టిన వారంలోనే జ్ఞానమ్మ వచ్చింది. ఆవిడ ఒకప్పుడు ఆస్పత్రిలో నర్సు. ఇప్పుడు గుడివాడలో ఒక సహాయ సంఘం నడుపుతోంది. కలెక్టరాఫీసులో పని చూసుకుని వెళ్తూ, ఎవరో చెబితే పీపాలు చూద్దామని దిగింది. తెల్లచీర, మొగవాళ్ల చెప్పులు, వీధి చివరికి వినిపించే గొంతు.

"మాష్టారూ, దివిసీమలో చెట్టన్నది లేదండీ. కూలిన చెట్లే మొన్నటిదాకా కాల్చుకున్నారు. ఇప్పుడు పొయ్యిలోకి పుల్ల లేదు. ఇళ్లు కట్టిస్తున్నాం, గేదెలిప్పిస్తున్నాం, బియ్యమిచ్చాం. దేంతో వండుకుంటారు చెప్పండి? ఇంజినీరుగారొకాయన వచ్చి కోడూరు వైపు ఊరికో పీపా పెట్టి, పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వెళ్లారు. ఫొటో వచ్చింది. పీపా ఒక్కటీ లేవలేదు."

"లేవకపోవడమేమిటండీ! మాది నెల తిరక్కుండా లేస్తుంది."

"లేస్తే మిమ్మల్ని తీసుకుపోతాను. ఏడాది అక్కడే ఉండాలి మరి. తిండీ బసా మేం చూసుకుంటాం."

ఆండాళమ్మ బుజ్జి మొహం చూసింది. తమ్ముడి మొహంలో అంత వెలుగు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. జీవితంలో మొదటిసారి ఒకరు ఆయన్ని పక్కన కాదు, ముందు నిలబడమన్నారు.

జ్ఞానమ్మ వెళ్లాక ఆండాళమ్మ అడిగింది. "ఒరే బుజ్జీ, సముద్రం మళ్లీ వస్తేనో?"

"వస్తే బందరుకి మాత్రం రాదా?"

"ఇక్కడికొస్తే ఇద్దరం పోతాంగా" అంది ఆవిడ, అదేదో సుఖమన్నట్టు.

ఆయన నవ్వేసి పీపా దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆండాళమ్మ పీపా అంచున మూగిన ఈగల్ని చూసింది. ఈగలంటే కలరా. ఒక చిటికెడు బ్లీచింగు పౌడరు చల్లింది. మర్నాడు ఈగలు లేవు. అయినా ముందుజాగ్రత్త మంచిదని ఇంకో గుప్పెడు వేసింది. ఆ తర్వాత రోజూ బుజ్జి స్నానానికెళ్లగానే రెండు గుప్పిళ్లు పీపాలోకి వెళ్లేవి. ఇదంతా శుభ్రత కోసమేనని ఆవిడ తనకి తాను చెప్పుకుంది. చెప్పుకునేటప్పుడు దేవుడి పటం వైపు మాత్రం చూడలేదు.

నెల తిరిగింది. పీపా లేవలేదు.

బుజ్జి దాని చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు. చెవి ఆనించి విన్నాడు. వేళ్లతో కొట్టాడు. నీళ్లు ఎక్కువయ్యాయని తగ్గించాడు, తగ్గాయని పెంచాడు. చివరికి గోడ మీంచి తల పెట్టి జబ్బారుని అడిగాడు.

"జబ్బారూ, మీ గేదెకి ఒంట్లో బాగానే ఉందా?"

"నిక్షేపంగా ఉంది మాష్టారూ. ఏం?"

"పేడలో ఏదో లోపముందేమోనని..."

జబ్బారు మొహం ఎర్రబడింది. "మా గేదె పాలల్లో నీళ్లున్నాయని గొడుగుపేటంతా అంటుంది, ఊరుకున్నాను. పేడని అంటే మాత్రం ఊరుకోను. అవేవో పీపాలు నాకూ తెప్పించండి. మా పేడ మా దొడ్లో లేస్తుందో లేదో చూద్దురుగాని!"

గోడకి అటు కూడా రెండు పీపాలు వెలిశాయి. ఇటు పీపా కదలకుండా కూర్చుంది. బుజ్జి కంచంలో అన్నం కెలికి లేచిపోయేవాడు. మధ్యాహ్నం పడుకుని కప్పు కేసి చూసేవాడు. ఇంట్లోనే ఉన్నాడు, ఆవిడ కోరుకున్నట్టే. కాని వసారాలో ఎవరో వదిలేసిపోయిన సామానులా ఉన్నాడు. మంచి గోంగూర పచ్చడి చేసి పెట్టినా రుచి తెలిసేది కాదు ఆయనకి. ఆండాళమ్మకి జాలేసేది. జాలేసినప్పుడల్లా, పోనీలే రేపట్నించి మానేద్దాం అనుకునేది. తెల్లారేసరికి స్టేషన్లో కూత వినిపించేది. మళ్లీ డబ్బా మూత తీసేది.

ఒకనాడు పొద్దున్నే జాన్‌బీ కేకలు పెట్టింది.

"పిన్నీ! మాష్టారూ! రండి రండి! మా పీపాకి నెల తప్పింది! ఎంత పొట్ట వచ్చిందో చూడండి!"

జబ్బారు దొడ్లో పై పీపా మూరెడు లేచి అటూ ఇటూ ఊగుతోంది. బుజ్జి రబ్బరు గొట్టం తగిలించి, బర్నరు పట్టుకొచ్చి, అగ్గిపుల్ల గీశాడు. మొదట తుస్సుమంది. కాసేపు గ్యాసు వదిలి మళ్లీ గీస్తే నీలంగా, చప్పుడు లేకుండా మంట వచ్చింది. దాని మీద జాన్‌బీ టీ కాచి గోడకి ఇటూ అటూ అందరికీ పోసింది. జబ్బారు గేదె మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, బంధువులందరి ముందూ నెగ్గినవాడిలా.

బుజ్జి టీ తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. అదే గేదె, అదే పేడ, అవే నీళ్లు, అదే ఎండ. గోడకి అటు లేచింది, ఇటు లేవలేదు. గబగబా ఇంటికొచ్చి పీపా మీదికి వంగి గట్టిగా వాసన పీల్చాడు. ఆండాళమ్మ వెనకే వచ్చింది.

"అక్కయ్యా, కళ్లాపి బకెట్లో బ్లీచింగు పౌడరు వేస్తావా?"

"వెయ్యనా మరి? కలరా రాదూ?"

"ఆ బకెట్లో మిగిలిందే కదూ నాకిచ్చేదానివి?"

"అదే" అంది. అది అబద్ధం కాదు. కాని పీపా అంత ఘాటుగా వాసన కొట్టడానికి బకెట్టు ఒక్కటే కారణమూ కాదు.

తిడతాడనుకుంది. తిడితే ఏడుద్దామని కొంగు కూడా సిద్ధం చేసుకుంది. బుజ్జి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పినంత పని చేశాడు.

"అదీ సంగతి! ఆ పౌడరు కలరా క్రిముల్నే కాదక్కయ్యా, గ్యాసు పుట్టించే క్రిముల్ని కూడా చంపేస్తుంది! దివిసీమలో కూడా ఇదే జరిగుంటుంది! అక్కడ మాత్రం కళ్లాపి చల్లరా? ఉప్పెన తర్వాత బ్లీచింగు పౌడరు పంచలేదా? ఇంజినీరుగారికి తెలియంది మన పెరట్లో తేలింది! నీ శుభ్రత వల్లే తేలింది!"

ఆండాళమ్మ అవునని తలూపింది. ఇంకేం చేస్తుంది? పీపా లేవకపోతే ఉండిపోతాడనుకుంది. లేవకుండా చేసింది. ఇప్పుడది లేవనందుకే వెళ్లబోతున్నాడు. జబ్బారు పీపా ఒక్కటే లేచుంటే అది జబ్బారు గొప్ప. తన పీపా పాడయింది గనక బుజ్జి శాస్త్రజ్ఞుడయ్యాడు.

కబురందగానే జ్ఞానమ్మ గుడివాడ నుంచి మొదటి బస్సులో వచ్చింది. జబ్బారు దొడ్లో మంట చూసింది. బుజ్జి చెప్పినదంతా విని నుదురు కొట్టుకుంది.

"నా మొహం మండ! ఇంటింటికీ ఆ పౌడరు పంచింది మేమేనండీ! 'అన్నిట్లో వెయ్యండి, అన్నిట్లో వెయ్యండి' అని మైకులో అరిచింది నేనే!"

బుజ్జి సంచీ సర్దుకోవడానికి లోపలికెళ్లాడు. జ్ఞానమ్మ ఆండాళమ్మతో పెరట్లోకొచ్చి, లేవని పీపా మీదికి వంగి వాసన చూసింది. మెల్లగా తలెత్తింది.

"ఆండాళమ్మగారూ, ఇది బకెట్టు అడుగున మిగిలిన వాసన కాదండీ. ఆస్పత్రి వాసన. నేను నర్సుని."

ఆండాళమ్మ నూతి గట్టు కేసి చూసింది.

"ఈగలండీ" అంది.

"ఈగలా, మాష్టారా?"

జ్ఞానమ్మ అంత పెద్ద గొంతూ ఎక్కడ దాచుకుందో గాని, పక్కింటికి కూడా వినిపించకుండా మాట్లాడింది.

"నేను చెప్పనులెండి ఆయనకి. ఒక మాట వినండి. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లకి కళ్లాపిలో పౌడరు మానెయ్యమని చెప్పాలి. నేను చెబితే వినరు, వెయ్యమన్నదాన్ని నేనేగా. మాష్టారు చెబితే అసలు వినరు, మొగాడికి కళ్లాపి గొడవేమిటంటారు. వాళ్లు వేసేది శుభ్రతకి కాదండీ. ఇంట్లో సగంమంది పోయారు, మిగిలినవాళ్లు కూడా పోతారేమోనని వేస్తున్నారు. ఆ భయం ఎలాంటిదో ఎరిగున్న మనిషి కావాలి నాకు. మీరు రండి."

"నేనా? నేను పులిగడ్డ దాటి ఎరగనండీ."

"మాష్టారు దాటుతున్నారుగా."

ఆ ఒక్క మాటతో ఆండాళమ్మ లోపలికెళ్లి తన సంచీ కూడా సర్దుకుంది. సముద్రం పక్కన ఉండాలంటే భయమే. తమ్ముడు సముద్రం పక్కనా తను ఇక్కడా ఉండాలంటే అంతకంటే భయం. ఇంటి తాళం జాన్‌బీకిచ్చింది. నూతిలో పౌడరు తగ్గించొద్దని చెప్పబోయి ఆగిపోయింది.

"వెళ్లిరా పిన్నీ" అంది జాన్‌బీ. "నువ్వు లేకపోతే మా వీధికి ఆస్పత్రి వాసన పోయి మామూలు కంపు వస్తుంది."

బస్సులో ఆండాళమ్మ తమ్ముడి పక్కనే కూర్చుంది. చల్లపల్లి దాటింది, మోపిదేవి దాటింది, పులిగడ్డ దగ్గర కృష్ణ మీదుగా బస్సు మెల్లగా వెళ్తుంటే కళ్లు మూసుకుంది. అవనిగడ్డ పొలాల్లో మొండి తాడిచెట్లు నిలబడున్నాయి. బుజ్జి దారంతా పీపాల గురించే చెప్పాడు. ఆవిడకొక్క ముక్క అర్థం కాలేదు గాని హాయిగా ఉంది. ఎవరూ ఎవర్నీ వదిలిపెట్టని ప్రయాణం ఇదే మొదలు. ఇన్నాళ్లూ ఈ ఉపాయం తట్టలేదేమిటా అనుకుంది.

ముందు బస్సులోనే వెళ్లిన జ్ఞానమ్మ అవనిగడ్డ బస్టాండులో ఎదురుచూస్తోంది.

"మాష్టారూ, మీరు నాగాయలంక వైపు. కొత్త పీపాలన్నీ అక్కడ దింపించాను. ఆండాళమ్మగారూ, మీరు కోడూరు వైపు. పాత పీపాలున్న ఊళ్లన్నీ అటే. సుగుణ అని మా పిల్ల అక్కడుంది, ఆ అమ్మాయింట్లోనే మీ బస. అదిగో కోడూరు బస్సు. ఎక్కండి, ఎక్కండి!"

"ఇద్దరం ఒక ఊళ్లో కాదా?"

"ఒక ఊళ్లో ఇద్దరెందుకండీ? ఆదివారం ఆదివారం ఇక్కడికొచ్చి కలుసుకోండి."

ఆండాళమ్మ ఏదో అనబోయేలోపల కండక్టరు "రైట్ రైట్" అనేశాడు. వెనకనున్నవాళ్లు తోశారు. సంచీ ముందు వెళ్లింది, దాని వెనక ఆవిడ వెళ్లింది. కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చుందో లేదో కింద నిలబడ్డామె కిటికీలోంచి తన పిల్లని ఒళ్లో పడేసి, "కాస్త పట్టుకోండి పెద్దమ్మా, ఎక్కుతున్నా" అని అటు తిరిగి వెళ్లింది.

కింద బుజ్జి కిటికీ పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. పీపాలూ గ్యాసూ అన్నీ మర్చిపోయినట్టున్నాడు.

"అక్కయ్యా, నీళ్లు కాచుకు తాగు. సముద్రం వైపు వెళ్లకు. గాలి పెద్దదైతే సుగుణ వాళ్లతో గట్టి ఇంట్లోకి వెళ్లిపో. అక్కయ్యా, వింటున్నావా? ఆదివారం తప్పకుండా రా. మొదటి బస్సుకే రా."

"వస్తాలేరా" అంది ఆండాళమ్మ. ఒళ్లో పిల్ల ఏడుపు లంకించుకుంది. సంచీ జారిపోతోంది. టిక్కెట్టుకి కొంగుముడి విప్పుకోవాలి. వెనకాయన మోకాలు వీపులో గుచ్చుకుంటోంది. బస్సు కదిలింది. చెయ్యి ఊపుదామంటే ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో సంచీ. పిల్ల తల్లి వచ్చి పిల్లని అందుకునేసరికి బస్టాండు వెనకబడింది. దుమ్ములో ఉత్తరీయం ఎగురుతూ ఎవరో నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోయినట్టు కనిపించింది.

తండ్రీ, భర్తా, చెల్లెలూ రైలు కదిలాక సరిగ్గా వెనక్కి చూడలేదని ఆండాళమ్మ ఇన్నేళ్లూ కుమిలింది. వాళ్ల ఒళ్లో కూడా ఎవరో పిల్లని పడేసుంటారు. వాళ్లకి కూడా సంచీ జారుతూ ఉండుంటుంది. బాధపడే తీరికంతా కింద నిలబడ్డవాళ్లదేనని ఇంత వయసొచ్చేదాకా తెలియలేదు.

"ఎవరండీ ఆయన, బస్సు వెంట అలా పరిగెత్తారు?" అని అడిగింది పిల్ల తల్లి.

"మా తమ్ముడమ్మా" అంది ఆండాళమ్మ, కొంగుముడి విప్పుతూ. "చిన్నవాడు. ఒక్కడూ ఎప్పుడూ ఉండి ఎరగడు."